ఒకే పేరు, ఇద్దరు తాతలు: అంతర్జాల వంశవృక్షాలలో కలగలుపులను విడదీయుట

దేవరగట్టు మాళ మల్లేశ్వర స్వామివారి సన్నిధిలో భక్తులు గోత్రనామాలు చెప్పుకునే వేళ కాసేపు చెవియొగ్గి నిలిస్తే ఒక సంగతి తెలుస్తుంది. మల్లప్ప, మల్లయ్య, మల్లికార్జున, మాళమ్మ, మల్లేశ్వరి - ఈ కొద్ది పేర్లే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. హొళగుంద, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారం. స్వామి పేరే తాతది, తాత పేరే మనుమనిది. ఇంట్లో ఉన్నంతకాలం ఇది కన్నులపండువ. ఆ పేర్లను అంతర్జాలంలోని ఉమ్మడి వంశవృక్షాలలోనికి ఎక్కించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఉమ్మడి వంశవృక్షమంటే ఏమిటో ముందుగా చెప్పుకుందాం. 2007లో మొదలైన జెని, 2008లో వచ్చిన వికీట్రీ, 2013 నుండి అందరికీ ఉచితంగా తెరచిన ఫ్యామిలీసెర్చ్ వృక్షం ఈ కోవలోనివి. వీటిలో ఎవరి చెట్టు వారిది కాదు. గతించిన ప్రతి మనిషికీ ఒకే ఒక పత్రం ఉండాలని, ఆయన సంతతివారందరూ ఆ పత్రాన్నే దిద్దుకుంటూ పోవాలని వాటి నియమం. అందువలన ఒకే మనిషికి రెండు పత్రాలు కనిపిస్తే ఆ రెంటినీ కలిపివేస్తారు. దీనినే విలీనం అంటారు. ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరేనని పొరబడి కలిపితే వచ్చేదే మన నేటి పాఠం.

మా ఇంటి సంగతే చెబుతాను. మా మేనల్లుడు విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి ఆబ్దికానికి ఊరికి వచ్చాడు. పితృ, పితామహ, ప్రపితామహులను వసు రుద్ర ఆదిత్య స్వరూపులుగా పేరుపేరునా తలచే వేళ, ముత్తాత పేరు నోటికి రాక, ఫోనులో తాను కట్టుకున్న వంశవృక్షం తెరచి చదివాడు. లోపలి గది నుండి మా అక్క ఒక్కసారిగా, "ఆ పేరెవరిదిరా? మా మామగారి తండ్రి ఆయన కాదు" అన్నది. కార్యక్రమం ఆగింది. బ్రాహ్మణులు ఓపికగా కూర్చున్నారు. ఎవరో తెలియని ఇంటి పెద్దకు మావాడు తిలోదకం విడువబోయాడు.

తరువాత తీరికగా చూస్తే దోషం ముత్తాత దగ్గర లేదు, తాత దగ్గర ఉన్నది. ఆ తాతగారి పేరు ఇక్కడ చెప్పను, మల్లన్న పేర్లలో ఒకటనుకోండి. ఆయన ధాత నామ సంవత్సరంలో పుట్టాడని పెద్దలు చెప్పగా, మావాడు ఆ మాటనే వ్రాసి, జిల్లా స్థానంలో బళ్ళారి అని నింపాడు. అదీ తప్పు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే కదా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి. సిరుగుప్ప వైపున్న మరొక కుటుంబానికీ అదే పేరు గల పూర్వికుడు, ఆయనా ధాతలోనే పుట్టినవాడు, ఆయనదీ బళ్ళారి జిల్లాయే. పేరు కలిసింది, సంవత్సరం కలిసింది, జిల్లా కలిసింది. యంత్రం ఈ ఇద్దరూ ఒకరే కావచ్చునని సూచించింది. ఆ కుటుంబంవారు ఒకరు సరేనని మీట నొక్కారు. మా మేనల్లుని తాతకు వారి పూర్వికుని తండ్రి, తండ్రి అయి కూర్చున్నాడు.

అసలు కీలకం ధాత అన్న మాటలో ఉన్నది. మన సంవత్సరాల పేర్లు అరువది ఏండ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. 1876-77 ధాత, 1936-37 ధాత, 1996-97 కూడా ధాతయే. మొదటి ధాతను ఈ సీమవారు మరచిపోలేదు. ధాత కరువని ఇప్పటికీ ముసలివారు చెప్పుకునే మహాక్షామం ఆ ఏడు మొదలై మరుసటి ఈశ్వర సంవత్సరం దాకా బళ్ళారి, కర్నూలు జిల్లాలను పీడించింది. సిరుగుప్పవారి పూర్వికుడు ఆ కరువు ధాతలో పుట్టినవాడు, మా వాళ్ళ తాత అరువది ఏండ్ల తరువాతి ధాతవాడు. తాతకూ మనుమనికీ నడుమ ఎడమూ సుమారుగా అంతే ఉంటుంది గనుక ఒకే ఇంటిలోని తాతామనుమలు సైతం ఇట్లే ఒకరై పోగలరు. కాబట్టి సంవత్సరం పేరు వ్రాసినచోట దాని పక్కనే అంకెలలో క్రీస్తు శకం వ్రాయుట తప్పనిసరి. అంకె తెలియకపోతే "1930, 1940ల నడుమ" అని వ్రాసినా మేలే.

తప్పు విలీనం జరిగిందని గుర్తించుటకు గొప్ప పాండిత్యం అక్కరలేదు. మా పత్రంలో విలీనం తరువాత 1876 అని అంకె చేరింది. మా బావగారు పుట్టినది 1960లో. ఎనుబది నాలుగేండ్ల వయసులో బిడ్డను కన్న తండ్రి! ఇది ఎవరి కంటికైనా ఆనాలి, మావాడు చూడలేదు, అంతే. తల్లి కంటే పెద్ద బిడ్డ, మరణించిన పదేండ్లకు జరిగిన పెండ్లి, ఒకే మనిషికి రెండు ఇంటిపేర్లు, రెండు గోత్రాలు, ఇద్దరేసి తల్లిదండ్రులు - ఇవన్నీ అటువంటి గుర్తులే.

ఐతే గుర్తులన్నీ దోషాలు కావు. మన దేశాచారం తెలియని వారు దూరదేశాల నుండి దయతో దిద్దబోయి చెడగొట్టేది ఇక్కడే. మేనమామ అక్క కూతురిని పెండ్లాడితే ఆ అమ్మాయి చెట్టులో రెండు చోట్ల కనిపిస్తుంది, ఒకచోట మేనకోడలుగా, మరొకచోట భార్యగా. అది పొరపాటు కాదు, మేనరికం. దత్తు వెళ్ళినవానికి ఇద్దరు తండ్రులు ఉండుటా పొరపాటు కాదు. ఇటువంటి పత్రాలలో "ఇది మేనరికం", "ఇది దత్తత" అని వివరణ వ్రాసి ఉంచితే ముందుతరాలకు కూడా మేలు.

ఇక దిద్దుబాటు. కోపంతో తప్పు పేరును తుడిచివేయుట మొదటి పని కాదు, అసలు చేయవలసిన పనే కాదు. అది వేరొకరి తాత. ఆయనను తుడిచివేస్తే వారి చెట్టు నడిమికి విరుగుతుంది. మొదట ఆ పుట ఎట్లున్నదో అట్లే అచ్చు తీసి ఉంచుకోవాలి. ప్రతి పత్రానికీ మార్పుల చరిత్ర ఉంటుంది, అందులో విలీనం ఏ రోజున ఎవరు చేశారో కనిపిస్తుంది. చేసిన వారికి మర్యాదగా ఒక ఉత్తరం వ్రాయాలి. మావాడు మొదట వ్రాసినది మర్యాదగా లేదు, నేనే ఆపి తిరగవ్రాయించాను. అవతలివారు కూడా మనవలెనే తాతను వెతుక్కుంటున్న వారే కదా.

ఫ్యామిలీసెర్చ్‌లో విలీనాన్ని రద్దు చేయు వీలున్నది. కాని విలీనం తరువాత ఆ పత్రంలో ఇంకెవరైనా మార్పులు చేసి ఉంటే ఆ ఒక్క మీటతో పని జరగదు. అప్పుడు మరుగుపడిన రెండవ పత్రాన్ని చరిత్ర నుండి తిరిగి తెచ్చి, తల్లిదండ్రులను, భార్యను, బిడ్డలను, ఆధారపత్రాలను ఒక్కొక్కటిగా ఎవరివి వారికి పంచవలసి ఉంటుంది. మాకు అదే గతి పట్టింది, ఎందుకంటే విలీనం తరువాత తాతగారి ఛాయాచిత్రం ఎక్కించినది మావాడే. వికీట్రీలో ఒక్క మీటతో విడదీయు వీలు లేదు గనుక అక్కడ కలుపుటకు ముందే రెండింతలు జాగ్రత్త వహించాలి. జెనిలో క్యూరేటర్లు అను స్వచ్ఛంద పర్యవేక్షకులు ఉంటారు, చిక్కు ముదిరితే వారిని అడగవచ్చును. ఎక్కడైనా సరే, విడదీసిన తరువాత "వీరిద్దరూ ఒకరు కారు" అని కారణంతో సహా నమోదు చేయాలి. లేకుంటే యంత్రం మరునాడే అదే సూచన చేస్తుంది, మరెవరో మళ్ళీ మీట నొక్కుతారు.

మరొక హెచ్చరిక. ఇద్దరు కొడుకులను కలిపినప్పుడు వారి తండ్రులు జంటగా కనిపిస్తారు. వారినీ కలిపితే తాతలు జంటవుతారు. ఇట్లా పైపైకి పోయి రెండు వంశాలే ఒకటవుతాయి. మాది అంతదాకా పోలేదు.

కారణం చూపుటకు ఆధారం కావాలి. మా అక్క ట్రంకుపెట్టె అడుగున తన పెండ్లి శుభలేఖ దొరికింది. వరుడు ఫలానావారి పౌత్రుడు, ఫలానావారి పుత్రుడు అని అందులో అచ్చయి ఉన్నది. పాత శుభలేఖ కంటే నమ్మదగిన సాక్షి మన ఇండ్లలో అరుదు. వివాహవేళ ప్రవర చెప్పునప్పుడు మూడు తరాల పేర్లు వినిపిస్తాయి, వాటిని వ్రాసి ఉంచుకున్న పురోహితులు కొందరు ఉంటారు. పొలం అడంగలు, బడిలోని ప్రవేశ పుస్తకం, తాతల పేర కట్టించిన అరుగుల మీద, సత్రాల మీద ఉన్న శిలాఫలకాలు కూడా పనికివస్తాయి. గోత్రాలు, వంశాలు చెప్పు పిచ్చుకుంట్లవారు, కన్నడ సీమ హెళవలు చెప్పినది విన్నప్పుడు ఎవరు, ఎప్పుడు చెప్పారో కూడా వ్రాయండి. ఐతే శుభలేఖను చెట్టుకు ఎక్కించేటప్పుడు అందులో ఉన్న జీవించియున్న వారి పేర్లను, చిరునామాలను కప్పివేయుట మరువవద్దు.

ఆ శుభలేఖ నకలును సిరుగుప్ప వారికి పంపాము. వారు తమ వద్దనున్న పొలం పత్రం నకలు పంపారు. అందులోని తండ్రి పేరు మా శుభలేఖలోని పేరుతో కలవలేదు, ఊరు కూడా వేరు. ఇరువురమూ కూర్చుని రెండు వారాలలో విడదీసుకున్నాము. ఈ విజయదశమికి బన్ని ఉత్సవం చూడ దేవరగట్టుకు వస్తామని వారు వ్రాశారు. మా అక్క తన మామగారి తండ్రి పేరును పంచాంగం అట్ట లోపలివైపు పెద్ద అక్షరాలతో వ్రాసి, మేనల్లుని పెట్టెలో పెట్టి పంపింది.