పాత పొగగొట్టం, పగిలిన రేకు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది 1985 ప్రాంతంల మా మామ కట్టించిన ఇల్లు. వంటింట్ల కట్టెల పొయ్యి మీదికెళ్లి సిమెంటు గొట్టం రేకుల నడుమ నుంచి పైకి పోతది. వంట గ్యాసు మీదనే గాని, చలికాలం నీళ్లు ఆ పొయ్యి మీదనే కాగుతయి. ఈ నడుమ గొట్టం నిలువునా చీలింది, కింద బూడిదరంగు పొడి రాలుతున్నది. పైన సిమెంటు పూస్తే సరిపోతదా?
- ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: సరిపోదు. ముందు ఆ పొయ్యి వెలిగించడం ఆపండి.

ఆ కాలపు సిమెంటు రేకుల్లో, గొట్టాల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉందనే అనుకోవాలి. రేకులో దాని వాటా సుమారు పదో వంతు. గొట్టం గట్టిగా ఉన్నన్నాళ్లూ నార సిమెంటులోనే ఇరుక్కుని ఉంటుంది. చీలి, పొడి రాలడం మొదలైతే గాలిలోకి లేస్తుంది. కంటికి కనిపించనంత సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే, 20 నుంచి 40 ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గానో ఆస్‌బెస్టోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుగానో బయటపడవచ్చు. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయినా మీ ఇంట్లో అంతకన్నా తొందరపెట్టే ప్రమాదం పొగ. చీలిన గొట్టం పొగను సరిగ్గా పైకి లాగదు. లోపల మసి పేరుకున్నా, పైన పావురం గూడు పెట్టినా అంతే. పొగతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లు ఇక లేవకపోవచ్చు. ఆదిలాబాద్ వైపు చలికి తలుపులు బిగించి నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్లకూ ఇదే ముప్పు. ఎవరైనా తూలుతుంటే వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

ఇక ఇలాంటి సిమెంటు గొట్టం వాన నీటికి పనికొస్తుంది గాని కట్టెల మంటకు ఆగదు. వేడి, చల్లదనం మార్చి మార్చి తగిలి చీలుతుంది. పూసిన సిమెంటు కూడా ఆ వేడికే ఊడుతుంది. పైగా పూసే ముందు మేస్త్రీ దాన్ని గీకుతాడు, అసలు దుమ్ము అప్పుడే లేస్తుంది. గొట్టాన్ని తడిపి, ముక్కలు చేయకుండా దింపించి, స్టీలు గొట్టం పెట్టించండి. అది కప్పు కొప్పుకన్నా రెండడుగులైనా పైకి ఉండాలి, పైన టోపీ ఉండాలి, వాసాలకు తగలకూడదు.

ప్రశ్న: కోతులు ఎగిరెగిరి రేకులు పలగ్గొట్టినయి. పగిలినయి మార్చి, ఎగ్జాస్ట్ ఫ్యానుకు బొక్క పెట్టనీకి మేస్త్రీ గ్రైండర్ తెస్తనన్నడు. మా రామగుండం ఎండలు మీకు ఎరికే, మిగిలిన రేకులకు తెల్ల పెయింట్ ఏపియ్యాల్ననుకుంటున్నం.
- ఒక కార్మికుడు, గోదావరిఖని

జవాబు: గ్రైండర్ వద్దే వద్దు. రేకు నిలకడగా ఉన్నప్పుడు దుమ్ము పెద్దగా రాదు, గ్రైండర్ మాత్రం నిమిషాల్లో విపరీతంగా లేపుతుంది. ఫ్యానును గోడకు పెట్టించుకోండి, రేకుకు బొక్క అవసరమే ఉండదు.

పాత రేకు మీద నేరుగా కాలు మోపనివ్వకండి. అది మనిషి బరువుకు చెప్పకుండా విరుగుతుంది. రేకుల పని చేసేవాళ్లకు రాతినారకన్నా ముందు ఎదురయ్యే ప్రమాదం ఇదే. కింద ఇనుప పైపులున్న చోట అడ్డంగా పలకలు వేసి, వాటి మీదే నడవాలి. రేకు మీద సబ్బునీళ్లు చల్లి, తుప్పు పట్టిన బోల్టులు కోసి, రేకును నిండుగా చేతులతో దింపాలి, పైనుంచి విసరకూడదు. ముక్కుకు కట్టుకున్న రుమాలు రాతినార పోగుల్ని ఆపదు, ఎఫ్ఎఫ్‌పీ3 రకం మాస్కు కావాలి. తర్వాత చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. పని చేసిన బట్టలు విడిగా ఉతకండి, పిల్లల బట్టల్లో కలపొద్దు.

తెల్ల పెయింట్ మంచి ఆలోచనే. చల్లని కప్పుల కోసం 2023లో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానమే తెచ్చింది. అయితే పెయింటుకు ముందు రేకును ఇనుప బ్రష్షుతో రుద్దడం, ప్రెషర్ నీళ్లతో కడగడం మామూలైపోయింది. ఆ రెండూ పోగుల్ని లేపుతాయి, మాన్పించండి.

ప్రశ్న: పగిలిన రేకు ముక్కలు వాకిట్ల బురద మీద పరుచుకోవచ్చా?
- ఉట్నూరు నుంచి

జవాబు: వద్దు. కాలి కింద, బండి చక్రం కింద నలిగి పొడి అవుతాయి. కోళ్ల గూటికీ వాడొద్దు. తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టి, పైన ఆస్‌బెస్టాస్ అని రాసి, పిల్లలకు అందని చోట ఉంచండి. ఎక్కడ పారవేయాలో పంచాయతీని అడిగి తేల్చుకోండి. చెత్త బండిలో చుట్టకుండా వేస్తే ఆ ముక్కల్ని ఎత్తే మనిషికి ముప్పు.

ప్రశ్న: ఈ రేకులు ఇంత ప్రమాదమైతే దుకాణాల్ల ఎట్ల అమ్ముతున్నరు? ఇల్లు మొత్తం విప్పాల్నా?
- నిర్మల్ నుంచి

జవాబు: విప్పనక్కర్లేదు. పగలని రేకు కింద కాపురం చేసినందుకు పరీక్షల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరగనక్కర కూడా లేదు. ఏళ్ల తరబడి రేకులు కోసే పని చేసి, ఇప్పుడు ఆయాసమో వదలని దగ్గో ఉంటే మాత్రం ఛాతీ డాక్టరుకు ఆ పని సంగతి చెప్పి తీరాలి.

ఇక అమ్మకం చట్టబద్ధమే. ఐరోపా సమాఖ్య ఆస్‌బెస్టాస్‌ను 2005 నుంచి నిషేధించింది, అమెరికా 2024లో రేకుల్లో వాడే తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. మన దగ్గర మాత్రం రష్యా, కజకిస్తాన్‌ల నుంచి దిగుమతి సాగుతూనే ఉంది. ఆస్‌బెస్టాస్ కర్మాగారాల కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఇంటి మీద రేకు కోసే కూలీకి అలాంటి రికార్డేమీ లేదు. అతను పనికొచ్చిన రోజు నీళ్ల బకెట్టు, మాస్కు మీరే ఇవ్వండి.