యుంగ్‌ఫ్రావ్ టికెట్ ఇక్కడే కొనాలా?

ప్రశ్న: జూన్‌లో అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. ఇంటర్లాకెన్‌లో మూడు రోజులు ఉంటాం. కొండమీది యుంగ్‌ఫ్రావ్ యోఖ్ స్టేషన్‌కు టికెట్లు ఇక్కడి నుంచే కొనేయాలా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండీ. అక్కడి టికెట్ ఖరీదు ఎక్కువ, మబ్బు కమ్మితే కనిపించేది తెల్లటి గోడే. మూడు రోజులున్నాయి కాబట్టి రోజు ఖరారు చేసుకోకండి. ముందురోజు సాయంత్రం వాతావరణ సూచన చూసి సీటు రిజర్వ్ చేసుకోండి. పొద్దున్నే పైనున్న వెబ్‌క్యామ్ మరోసారి చూసి బయల్దేరండి. కింద ఎండ కాస్తున్నా పైన మంచు కురుస్తుండొచ్చు.

స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే మొత్తం ఉచితమని చాలామంది పొరపడతారు. అది గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ వరకే. ఆపైన 25 శాతం తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డుకైతే సగం తగ్గుతుంది. మీ ప్రయాణాలన్నీ కాగితం మీద లెక్కేసి ఏది లాభమో తేల్చుకోండి.

ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఎక్కే రైలు త్స్వైల్యుచినెన్‌లో రెండుగా విడిపోతుంది: ఒక సగం లౌటర్‌బ్రునెన్‌కు, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కు. పెట్టె మీది బోర్డు చూసి ఎక్కండి. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్ 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి సొరంగంలో రైలు.

పై స్టేషన్ ఎత్తు 3,454 మీటర్లు. నాన్నగారికో అమ్మగారికో గుండె జబ్బుంటే ముందే డాక్టర్‌ను అడగండి. డాక్టర్ వద్దంటే 1,638 మీటర్ల ఎత్తులోని ముర్రెన్‌కు తీసుకెళ్లండి. కార్లు తిరగని ఊరు, ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ కనిపిస్తాయి. దానికి ట్రావెల్ పాస్ చాలు. నన్నడిగితే పెద్దవాళ్లకు అదే మేలు.