ప్రత్యేక విద్యలో ఆనర్సు పరిశోధనము – అనుబంధ చతుష్టయము

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, అధికారి, సంబంధము అను నాలుగింటిని నిరూపించుట మన సంప్రదాయము. వీనికి అనుబంధ చతుష్టయమని పేరు. 2022లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ప్రకటించిన ప్రణాళిక ననుసరించి, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతము మార్కులు పొందిన విద్యార్థి నాలుగవ యేట పరిశోధనతో కూడిన ఆనర్సు చేయవచ్చును. ప్రత్యేక విద్యోపాధ్యాయులు కాగోరువారు ఆ పరిశోధనమున కీ నాలుగింటిని ఎట్లు అన్వయించుకొనవలెనో తెలుగు చదువుటలో తడబడు బాలుని ఉదాహరణముతో విచారింతము.

మొదటిది విషయము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో నిర్దిష్ట అభ్యసన వైకల్యము ఒకటి. అది యంతయు ఒక యేటి పరిశోధనమునకు లొంగదు. సంయుక్తాక్షర పఠనము లొంగును. ‘స్త్రీ’ అను పదమును చూడుడు. చెవికి స్, త్, ర్, ఈ అను వరుస వినబడును. కంటి కా వరుస లేదు. చివర పలుకవలసిన ఈకారము యొక్క గుడిదీర్ఘము సకారము తలపై నున్నది. తవత్తు, క్రావడి క్రిందికి చేరినవి. భారతీ బ్రెయిలీలోనో, వర్ణములు ఉచ్చారణక్రమముననే ఒకదాని వెంట నొకటి వచ్చును. కావున ఒకే పదము కంటితో చదువు బాలునికొక శ్రమను, వ్రేలితో చదువు బాలునికి వేరొక శ్రమను కలిగించును. అక్షరములు వరుసగా నిలుచు ఆంగ్లమునకై కూర్చిన పరీక్షలను తెలుగు బాలునిపై యథాతథముగా ప్రయోగించుట యుక్తము కాదు.

ఇచట పూర్వపక్షము: ‘బాలుడు మందబుద్ధి, అందుచే చదువలేకున్నాడు’ అని. విన్న పద్యమును తప్పులేక అప్పగించు బాలుడు అచ్చులో అదే పద్యమును చదువలేకున్నచో ఆ హేతువు నిలువదు. అయినను, దృష్టిదోషము లేదని వైద్యులు నిశ్చయించిన పిదపనే పఠనమునందలి చిక్కును వెదకవలెను.

రెండవది ప్రయోజనము. బాలుని పఠనము సుగమమగుట ముఖ్యప్రయోజనము. విద్యార్థికి పట్టము వచ్చుట ఆనుషంగికము. తల్లిదండ్రుల లిఖితపూర్వకమైన అనుమతి పొందవలెను. బాలుని పేరు వ్యాసమున రాకూడదు.

మూడవది అధికారి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ననుసరించి ప్రత్యేకోపాధ్యాయులు ఆ మండలియందు నమోదు కావలెను. వైకల్యమును నిర్ణయించు అధికారము తగిన నిపుణులది, విద్యార్థిది కాదు. తాను చూచినది వ్రాయుట యందే విద్యార్థి కధికారము.

నాలుగవది సంబంధము, అనగా సాక్ష్యమునకును నిర్ణయమునకును గల పొందిక. ఇరువది సంయుక్తాక్షర పదములను ముందుగా చదివించి, తప్పులను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనవలెను. వానిలో పదింటికి మాత్రము వర్ణవియోగము చేయించి, కొన్ని వారముల పిదప ఇరువదింటిని మరల చదివింపవలెను. అభ్యసించిన పదియే మెరుగైనచో అది ఆ పదముల పరిచయము మాత్రమే. అభ్యసింపని పదియును మెరుగైనచో పద్ధతి ఉపకరించినదని అనుమానింప వీలగును. ఒక్క బాలుని యందు కనబడిన దానిని ఎల్లరికిని అంటగట్టిన అతివ్యాప్తి దోషము కలుగును.

ఫలము కనబడకున్నను ఆ విషయమును దాచక వ్రాయవలెను. పిమ్మట ఆ బాలునికి బోధించు ఉపాధ్యాయుడు అదే మార్గమున మరల కాలము వృథా చేయకుండుటకు ఆ వ్రాత తోడ్పడును.