పసుపు ఎవరిది?

వేలు తెగితే మనం ఏం చేస్తాం? చిటికెడు పసుపు తెచ్చి అద్దుతాం. ఇది మనకు ఎవరు నేర్పారు? అమ్మ. అమ్మకు ఎవరు నేర్పారు? అమ్మమ్మ. ఈ సంగతి తెలియని ఇల్లు మన ఊళ్లో ఉందా?

ఇంత పాత సంగతిని ఎవరో వచ్చి "ఇది మేం కనిపెట్టాం" అంటే ఎలా ఉంటుంది? 1995లో అమెరికాలో అదే జరిగింది. గాయం మానడానికి పసుపు వాడే పద్ధతి మీద అక్కడి ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది.

పేటెంటు అంటే ఏమిటి?

పొలానికి పట్టా ఉంటుంది కదా! కొత్తగా కనిపెట్టిన వస్తువుకు, పద్ధతికి ప్రభుత్వం ఇచ్చే పట్టా లాంటిదే పేటెంటు. కానీ దీనికి గడువు ఉంది. మన దేశంలో 20 ఏళ్లు. ఆ గడువులోగా కనిపెట్టినవారి అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని తయారుచేసి అమ్మకూడదు. గడువు తీరాక అది అందరిదీ. కష్టపడి కనిపెట్టినవారికి ఫలితం దక్కాలనే ఈ చట్టం.

అయితే ఒక షరతు ఉంది. అది కొత్తది కావాలి. పాతదానికి పేటెంటు లేదు.

మనకేం నష్టం?

ఏ దేశం పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికావాళ్లు వచ్చి మన పసుపు డబ్బా పట్టుకుపోరు. కానీ మనవాళ్లు అమెరికాలో పసుపును గాయాల మందుగా అమ్మాలంటే? పేటెంటు ఉన్నవాళ్లను అడగాలి. మన తెలివికి మనమే పరాయివాళ్ల అనుమతి అడగాలి!

ఎలా గెలిచాం?

సి.ఎస్.ఐ.ఆర్. అనేది మన ప్రభుత్వ పరిశోధన సంస్థ. పేటెంటును మళ్లీ పరిశీలించమని అది 1996లో అమెరికాను కోరింది. "మా దేశంలో ఆడవాళ్లందరికీ తెలుసు" అంటే సరిపోలేదు. వేరే దేశం వాడుకకు అచ్చులో రుజువు కావాలని అప్పటి అమెరికా చట్టం. మన శాస్త్రవేత్తలు పాత పుస్తకాలు వెతికారు. సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలు తీశారు. 1953లో వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం తీశారు. మొత్తం 32 రుజువులు చూపారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

చూశారా! అమ్మమ్మ నోటిమాట చెల్లలేదు. రాసిన మాట చెల్లింది.

మనం ఏం చేయాలి?

తరతరాలుగా వస్తున్న తెలివికి పేటెంటు ఇవ్వకూడదని ఇప్పుడు మన చట్టం కూడా చెబుతోంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి. ఊళ్లోని చెట్లు, విత్తనాలు, మందు మొక్కలు, వాటి వాడకం ఒక రిజిస్టరులో రాయాలి. ఆ మందులు తెలిసింది ఎవరికి? మన ఇళ్లలోని పెద్ద ఆడవాళ్లకే. వారు చెబితే రాసేవాళ్లు కావాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు.

మాట్లాడుకుందాం

1. పేటెంటుకు ఉండవలసిన షరతు ఏమిటి?
2. పసుపు పేటెంటు ఎందుకు రద్దయింది?
3. మన పంచాయతీలో ఈ రిజిస్టరు ఉందా? అందరం కలిసి వెళ్లి అడుగుదాం.
4. మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన ఒక మందు మొక్క పేరు, దాని వాడకం మీ నోటుబుక్కులో రాయండి.