మర్రిచెట్టు లోపల ఏముంది? శ్వేతకేతువు విత్తనం నుంచి చేవెళ్ల రోడ్డు దాకా

వటసావిత్రి వ్రతం వీడియోలో మర్రిచెట్టుకి దారం ఎందుకు చుడతారో చెప్పుకున్నాం. అసలు ఆ చెట్టు సంగతి చెప్పడానికి మాత్రం టైం చాలలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను బాటనీ చదివినవాణ్ణి కాదు. ఇంజినీరింగ్ చదివి, శేరిలింగంపల్లిలో ఉంటూ, హైటెక్ సిటీలో కోడ్ రాసుకునే మనిషిని. కానీ ఈ చెట్టు గురించి చదవడం మొదలుపెడితే ఆపడం కష్టమండీ.

మొదట శాస్త్రం ఏమంటుందో చూద్దాం. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో శ్వేతకేతువు అనే కుర్రాడు ఉన్నాడు. పన్నెండేళ్ల వయసులో గురుకులానికి వెళ్లి, 24 ఏళ్లకి చదువంతా ముగించుకుని ఇంటికొస్తాడు. నాకు అన్నీ తెలుసు అన్న గర్వం మొహంలోనే కనిపిస్తూ ఉంటుంది. (మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ రోజులు గుర్తొస్తే తప్పు నాది కాదు.) తండ్రి ఉద్దాలకుడు అతన్ని మర్రిపండు ఒకటి తెమ్మంటాడు. పగలగొట్టమంటాడు. లోపల ఏముందంటే, సన్నటి గింజలున్నాయంటాడు కొడుకు. అందులో ఒక గింజని పగలగొట్టు, ఇప్పుడు ఏం కనిపిస్తోంది? ఏమీ కనిపించట్లేదు నాన్నా అంటాడు. నీకు కనిపించని ఆ సూక్ష్మం నుంచే ఇంత పెద్ద చెట్టు నిలబడింది, దాన్ని నమ్ము అంటాడు ఉద్దాలకుడు. మహావాక్యాల్లో ఒకటి వచ్చే అధ్యాయం ఇదే.

నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, తండ్రి ఉపన్యాసం ఇవ్వలేదు. చేతిలో పండు పెట్టి, నువ్వే చూసి చెప్పు అన్నాడు. కాబట్టి మనమూ ఆ పండునే ఇంకోసారి పగలగొట్టి చూద్దాం.

ఎర్రగా, గోలీకాయంత ఉండే మర్రిపండు నిజానికి ఒక్క పండు కాదు. అదొక పూలగుత్తి. మామూలు పూలగుత్తిని లోపలికి తిప్పేసి సంచిలా మూసేస్తే ఎలా ఉంటుందో అలాంటిది. వందలకొద్దీ చిన్న చిన్న పూలు ఆ సంచి గోడల లోపలి వైపు పూస్తాయి. అందుకే మర్రిచెట్టు పూయడం ఎవరూ చూడరు. మరి పూలు లోపల దాక్కుంటే పరాగసంపర్కం ఎలా? దానికోసం ఒక కందిరీగ జాతి ఉంది, ఒకట్రెండు మిల్లీమీటర్లకి మించని పురుగు. మర్రికి దాని సొంత కందిరీగ, రావికి దాని సొంతది, మేడికి దాని సొంతది. ఆడ కందిరీగ పండు చివర ఉన్న సన్నటి రంధ్రంలోంచి దూరుతుంది. ఆ దారి ఎంత ఇరుకంటే దాని రెక్కలు విరిగిపోతాయి. ఇక బయటికి రాలేదు. తనతో తెచ్చిన పుప్పొడి లోపలి పూలకి అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. ఆ గుడ్లలోంచి ముందు మగవి వస్తాయి. అవి ఆడవాటితో జతకట్టి, గోడకి కన్నం తొలుస్తాయి. వాటి జీవితం దాదాపు ఆ పండులోనే ముగిసిపోతుంది. ఆడవి కొత్త పుప్పొడి పట్టుకుని ఆ కన్నంలోంచి ఎగిరి ఇంకో మర్రిని వెతుక్కుంటాయి. చెట్టు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే విత్తనం లేదు.

మేడిపండు పద్యం మనందరికీ స్కూల్లోనే వచ్చు. పైకి మెరుపు, లోపల పురుగులు అని వేమన పిరికివాడి మనసు గురించి చెప్పిన పోలిక. పోలికగా అది గొప్పదే, నేను కాదనను. కానీ చెట్టు వైపు నుంచి చూస్తే మేడిపండులో ఉన్న ఆ పురుగు పెళ్లిపెద్ద. మేడి, మర్రి, రావి మూడూ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబమే కాదు, ఒకే ప్రజాతి, ఫైకస్. ఇప్పుడు విష్ణుసహస్రనామం తెరిచి చూడండి. న్యగ్రోధ, ఉదుంబర, అశ్వత్థ అనే మూడు నామాలు వరసగా వస్తాయి. అంటే మర్రి, మేడి, రావి. వ్యాఖ్యాతలు ఈ నామాలకి వేరే లోతైన అర్థాలు చెప్తారు, అవీ చదవాల్సినవే. కానీ ఈ మూడు చెట్లూ ఒకే చోట పక్కపక్కన కూర్చోవడం చూసినప్పుడు నేను మాత్రం చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

పండుని పక్షులు తింటాయి. రెట్టలో పడిన విత్తనం తాటిచెట్టు మట్టల సందులోనో, పాడుబడిన గోడ పగుల్లోనో మొలుస్తుంది. శంకర్‌పల్లి వైపు వెళ్తే తాటిచెట్టుని కావలించుకున్న మర్రి ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. అక్కడి నుంచి వేళ్లు కిందికి దింపుతుంది. పెరిగాక కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. గాల్లో ఉన్నంతకాలం ఊడ సన్నగా తాడులా వేలాడుతుంది. ఒకసారి నేల తాకి మట్టిలో నాటుకుందా, లావెక్కి మానైపోతుంది. ఆ కొత్త మాను ఆసరాతో కొమ్మ ఇంకా ముందుకి సాగుతుంది. న్యగ్రోధం అంటే కిందికి పెరిగేది అని అర్థం. చెట్టుకి ఆ పేరు పెట్టినవాళ్లు దాన్ని సరిగ్గానే చూశారు.

దీని ఫలితం ఏమిటో చూడాలంటే హౌరా వెళ్లాలి. అక్కడి బొటానిక్ గార్డెన్‌లో ఉన్న మహా మర్రికి అసలు మొదలు బూజుతెగులు సోకి కుళ్లిపోతే, 1925లో తీసేశారు. మొదలు పోయి వందేళ్లయింది, చెట్టు బాగానే ఉంది. మా ఆఫీసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండకూడదని మీటింగులు పెడతాం. మర్రి ఆ డిజైన్ ఎప్పుడో పూర్తి చేసింది.

అంతకంటే పెద్దది మన దగ్గరే ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా. దాదాపు అయిదు ఎకరాల నీడ, వెయ్యికి పైగా ఊడలు. దాన్ని లోకానికి చూపించినవాడు బెంగళూరు పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్. పత్రికలు తిప్పిపంపిన 'రిగ్రెట్' ఉత్తరాలు పోగుచేసి ఆ పేరే పెట్టుకున్న మనిషి. 1989లో గిన్నిస్ బుక్‌లో చోటు దొరికింది. స్థలపురాణం ప్రకారం 1434లో భర్త చనిపోతే తిమ్మమ్మ సహగమనం చేసింది, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మర్రయింది. ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను. సతిని 1829లోనే నిషేధించారు, దాన్ని పొగడడం కూడా 1987 చట్టం ప్రకారం నేరం. తిమ్మమ్మ అనే ఆ అమ్మాయి తలుపుకొస్తే నాకు ముందు దుఃఖం వస్తుంది. ఆ చెట్టుకి, ఆమె పేరుకి చేతులు జోడిస్తాను, చితికి కాదు. అయినా పిల్లల్లేని దంపతులు మొక్కుకోవడానికి, శివరాత్రి జాతరకి అక్కడికి వస్తూనే ఉంటారు. ఆ ఊరి జనం కూడా ఇన్ని తరాలుగా మోస్తున్నది ఆ పచ్చదనాన్నే అని నేననుకుంటాను.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మనకి ఇంకా దగ్గర, వీకెండ్‌లో పోయిరావచ్చు. ఏడువందల ఏళ్లదని చెప్తారు. దాని నీడలో ఒక ముస్లిం సాధువు దర్గా ఉంది, ఆవరణలోనే శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊరి నుంచి తరలించి మళ్లీ కట్టిన గుడీ ఉంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. మందు పోస్తే కారిపోతోంది. అప్పుడు ఆసుపత్రిలో పేషెంట్‌కి సెలైన్ ఎక్కించినట్టు, వందల సీసాల్లో పలుచన చేసిన మందు కట్టి, చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. బరువైన కొమ్మల కింద స్తంభాలు కట్టారు, లేత ఊడలు చెక్కుచెదరకుండా నేలకి చేరేలా పైపులు తొడిగారు. అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. నాకైతే దేవుడికి చేసే అభిషేకానికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు.

ఇక అసలు చిక్కు మన గుమ్మంలో ఉంది. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్లే బీజాపూర్ హైవే. రెండు వైపులా దాదాపు తొమ్మిదివందల మర్రిచెట్లు, నిజాం కాలం నాటివి. రోడ్డు నాలుగు వరుసలు చేయాలంటే చెట్లు అడ్డం. ప్రకృతి ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లారు, పనులు ఏళ్ల తరబడి ఆగాయి. చివరికి ఎక్కువ చెట్లని ఉన్నచోటే ఉంచి, తప్పనిసరి అయినవాటిని వేరేచోటికి తరలించే దారిలో 2025లో పరిష్కారం కుదిరింది. అదే ఏడాది నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సుని కంకర టిప్పర్ గుద్దింది. పొద్దున్నే కాలేజీకి, పనికి బయల్దేరిన ఎంతోమంది చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు 'చెట్లే చంపాయి' అన్నవాళ్లని చూశాను, 'చెట్ల మాట ఇప్పుడెందుకు' అన్నవాళ్లనీ చూశాను.

భక్తి ఛానల్ కాబట్టి చెట్టు పక్షానే మాట్లాడతానని మీరు అనుకోవచ్చు. ఆ రోడ్డు వెడల్పు కావాలి. రోజూ ఆ దారిన బస్సెక్కే పిల్లల ప్రాణం ముందు ఏ వాదనా నిలబడదు. కానీ చెట్టా మనిషా అన్న ప్రశ్నే నాకు తప్పుగా అనిపిస్తుంది. చెట్ల వరుసని మధ్యలో ఉంచి, పక్కనుంచి కొత్త వరుసలు వేయడం ఇంజినీర్లకి చేతకాని పని కాదు. అది మొదట్లోనే గీసి ఉంటే అన్ని ఏళ్లు పోయేవి కావు. వేళ్లతో పెకిలించి తరలించిన మర్రి బతుకుతుంది, చాలా గట్టి ప్రాణం దానిది. అయితే కొమ్మలన్నీ నరికి మోడుగా తీసుకెళ్లాలి. వందేళ్ల నీడ మళ్లీ మొదటినుంచి పెరగాలి.

మన కాలనీల్లో ఇంకో సంగతి. రావి, మర్రి కింద నాగప్రతిష్ఠ చేసి, మొదలు చుట్టూ అంగుళం మట్టి లేకుండా సిమెంటు పోసి టైల్స్ వేస్తాం. నీళ్లు ఇంకవు, వేళ్లకి గాలి ఆడదు. 2013లోనే ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించింది. ఊడలైతే తలకి తగులుతున్నాయని కోసేస్తాం, తర్వాత గాలివానకి కొమ్మ విరిగితే చెట్టుని తిట్టుకుంటాం. దీపం కూడా బెరడుకి ఆనించి పెట్టకండి, కాస్త ఎడంగా పెట్టినా అమ్మవారికి వెలుతురు అందుతుంది. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో చెట్టు చుట్టూ గట్టు కట్టాలన్న మాట వస్తే, మూడడుగులు మట్టి వదిలి కట్టమని అడగండి. ప్రదక్షిణకి అది ఏమాత్రం అడ్డు కాదు.

చేవెళ్ల రోడ్డు చూడాలనుకునేవాళ్లు పొద్దున ఏడు లోపు బయల్దేరండి. తర్వాత లారీలు ఎక్కువ. బండి రోడ్డు మీద ఆపొద్దు, పక్క ఊరి దారిలోకి తిప్పి దిగండి. పండ్ల కాలమైతే కిందే రాలి ఉంటాయి. ఒకటి తీసి పగలగొట్టండి.