నురగ మాటున రక్షణ

మదనపల్లె పేరు వినగానే పెద్దలకు ఆరోగ్యవరం స్ఫురిస్తుంది. 1915లో అక్కడ ప్రారంభమైన శానటోరియం ఎందరో క్షయరోగులకు ఆశ్రయమిచ్చి దేశమంతటా ప్రసిద్ధి పొందింది. క్షయ బాక్టీరియా వలన కలిగే వ్యాధి; అది గాలి ద్వారా సోకుతుంది. చేతులు కడుక్కున్నంత మాత్రాన దానిని నివారింపలేము. 2020లో లోకాన్ని గడగడలాడించిన కరోనా కూడ ప్రధానంగా గాలి ద్వారానే వ్యాపించినట్లు తేలింది. అయినను జలుబు, అతిసారం, కొన్ని రకాల కామెర్లు కలిగించే వైరస్‌లు మన చేతుల మీదుగానే నోటికి, ముక్కుకు, కన్నులకు చేరుతాయి.

కుప్పం రైల్వేస్టేషన్‌నే చూడండి. తెలుగు, తమిళ, కన్నడ భాషలు మూడూ వినిపించే చోటు అది. రైలుపెట్టె తలుపు కమ్మీని ఒక్క దినంలో ఎన్ని చేతులు తాకుతాయో లెక్కింపగలమా? ఆ చేతులతోనే ఇడ్లీ పొట్లం విప్పుతాము.

నీళ్లతో కడిగితే చాలదా అని మీరు అడగవచ్చు. పుంగనూరు పొట్టి ఆవు పాలు చిక్కదనానికి పేరుపొందినవి. ఆ నేతిని రాగిసంగటిలో కలుపుకొని తిన్న పిదప వట్టి నీళ్లతో చేయి కడిగి చూడండి; జిడ్డు వదలదు. నీటికి, కొవ్వుకు పొత్తు కుదరదు. సబ్బు వాటి నడుమ మధ్యవర్తి. సబ్బు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, మరొక కొస కొవ్వును పట్టుకుంటుంది. చేతి జిడ్డులో చిక్కిన క్రిములను అది జిడ్డుతో సహా పెకలించి నీటికి అప్పగిస్తుంది.

కరోనా, ఫ్లూ వైరస్‌ల విషయంలో సబ్బు మరింత నిర్దయగా వర్తిస్తుంది. వాటి పైపొర కొవ్వుతో కూడినది. సబ్బు అణువులు ఆ పొరలోనికి చొచ్చుకొనిపోయి దానిని ఛిన్నాభిన్నం చేస్తాయి. పొర చెదరిన వైరస్ మన కణాలలో ప్రవేశింపజాలదు. పోలియో, రోటా వైరస్‌లకు అట్టి కొవ్వుపొర లేదు. వాటిని సబ్బు చంపకపోయినను చర్మం నుండి ఊడదీస్తుంది. పారే నీరు కొట్టుకొనిపోతుంది. కనుకనే రుద్దడమెంత ముఖ్యమో, కడగడమూ అంతే ముఖ్యం.

‘సబ్బు’ అనే మాట మనకు పోర్చుగీసు వారి నుండి వచ్చినదని చెబుతారు. మాట పరాయిదైనా నురగ మనకు కొత్త కాదు. మన కుంకుడుకాయలోని సాపోనిన్ అనే పదార్థం కూడ ఇట్లే జిడ్డును వదలగొడుతుంది.

ఎంతసేపు రుద్దాలి? ఇరవై సెకన్లు. తెలుగు ఉపాధ్యాయునిగా నాకు తోచిన కొలత ఇది: ఒక కందపద్యాన్ని తొందరపడక రెండుమార్లు చదవండి. అంతలో వేళ్ల సందులు, గోళ్ల కొనలు, బొటనవేలి మొదలు కూడ రుద్దవచ్చు. చాలామంది అరచేతులతోనే సరిపెడతారు.

ఈ మెట్ట ప్రాంతంలో నీరు అమూల్యమైనది. రుద్దేటప్పుడు కుళాయి కట్టివేస్తే వృథా ఉండదు. కుళాయి లేనిచోట అందరూ ఒకే గంగాళంలో చేతులు ముంచరాదు. ఒకరి క్రిములు మరొకరికి అంటుకుంటాయి. ఒకరు చెంబుతో పోయగా మరొకరు కడుక్కొనే పాత పద్ధతికి ఒక్క చెంబెడు నీళ్లు చాలు.