1% ఛాన్స్ ఉంటే 100 లూట్ బాక్సులకు ఐటమ్ గ్యారంటీనా?

పూర్తి ధర పెట్టి గేమ్ కొన్నాక లోపల మళ్లీ లూట్ బాక్సులు కొనమంటే ఒళ్లు మండుతుంది. 2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 మీద గేమర్లు తిరగబడింది అందుకే. దెబ్బకి ఈఏ లాంచ్‌కు ముందురోజే గేమ్‌లో కొనుగోళ్లను తాత్కాలికంగా ఆపేసింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీకు కావాల్సిన స్కిన్ వచ్చే ఛాన్స్ 1% అనుకోండి. 100 బాక్సులు కొంటే పక్కానా? కాదు.

మా హసన్‌పర్తి కిరాణా షాపులో చిన్నప్పుడు లక్కీ చీటీలు చింపేవాళ్లం. చింపిన చీటీ మళ్లీ అట్ట మీదికి రాదు. కాబట్టి 100 చీటీల్లో ఒక ప్రైజ్ ఉంటే, అన్నీ చింపేలోపు అది దొరికి తీరుతుంది. లూట్ బాక్స్‌లో మాత్రం చింపిన చీటీని మళ్లీ లోపల కలిపేస్తారు. ఒక్కోసారి మిస్సయ్యే ఛాన్స్ 0.99. దాన్నే వందసార్లు గుణిస్తే సుమారు 0.37. అంటే తలా 100 బాక్సులు కొన్న వందమందిలో దాదాపు 37 మందికి ఆ స్కిన్ రాదు. వాళ్ల 101వ బాక్స్‌కీ ఛాన్స్ అదే 1%.

కొన్ని గేముల్లో ఇన్ని బాక్సుల తర్వాత గ్యారంటీ అనే ‘పిటీ’ రూల్ ఉంటుంది. కొనేముందే ఛాన్సులు చూపించాలని యాపిల్ 2017 డిసెంబర్‌లో యాప్ స్టోర్‌కి రూల్ పెట్టింది. ఈ రెండూ చూశాకే పే బటన్ నొక్కండి.